ఏడు తరువాత తొమ్మిది

"ఆ మగ్గం మీద తొమ్మిది చెరిపెయ్యప్పా. పది అని రాయి. దాని పక్కది పదకొండు. అట్లే కొసదాకా పో."

మావయ్య భుజంగరావు గారు పెయింటు డబ్బాను కాలితో మునిరాజు ముందుకు నెట్టారు. తరువాత నింపాదిగా కుర్చీలో కూర్చుని కాఫీ గ్లాసు అందుకున్నారు.

మునిరాజు కుంచె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, మా ఇంటి వెనక షెడ్డులో నలభై ఏళ్ళుగా నేస్తున్నాడు.

"అన్నా, పదకొండు గంటలకు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తాడంట. తడి కనిపించదా?"

"ఫ్యాను పెట్టు."

ఫ్యాను పెట్టాలట! కండెలు చుట్టే జయమ్మకు గురువారం కుడిచేతి వేళ్ళు రెండు తెగిపోతే, శనివారం పొద్దున్నే ఈ పెద్దమనిషికి పెయింటు ఆరడం ఒక్కటే బెంగ.

మునిరాజు తల వంచుకుని షెడ్డులోకి వెళ్ళాడు. వంటింట్లోంచి మా అత్తయ్య కమలమ్మ పసుపునీళ్ళ చెంబుతో వచ్చింది. షెడ్డు గుమ్మంలో చల్లడానికి.

"తొమ్మిదని రాస్తే ఏమి, తొంబై అని రాస్తే ఏమి? శనిదేవునికి లెక్క రాదా?" అంది. "ఏడు అయినాక వచ్చేది ఎనిమిదే. పేరు మారిస్తే ఆయప్ప మోసపోతాడా? ఇరవయ్యారేండ్లు ఊరుకుండి ఇప్పుడు తీసుకున్నాడు, అంతే."

రెండు రోజులుగా బెంగళూరు పక్కనున్న ఈ ఆనేకల్‌లో మా వీధి వీధంతా ఇదే మాట. పాలవాడు కూడా అదే అన్నాడు, పాల ప్యాకెట్లు గేటు బయటే పెట్టి.

మా షెడ్డులో కరెంటు మగ్గాలు పన్నెండు. ఒకటి నుంచి ఏడు వరకు వరసగా అంకెలు ఉంటాయి. ఆ తరువాత తొమ్మిది. అలా పోయి పోయి పదమూడు దగ్గర ఆగుతాయి. ఎనిమిది మాత్రం లేదు. అది శని అంకె, ఇరవై ఆరేళ్ళ కింద ఆ అంకె ఉన్న మగ్గం మీద ఒక పిల్ల ప్రాణం పోయిందట. నేను తెనాలి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారం ఎనిమిది అరటిపళ్ళు తెస్తే, అత్తయ్య ఒకటి గేటు దగ్గరే ఆవుకు పెట్టించి ఏడు లోపలికి పట్టుకెళ్ళింది. పెళ్ళిచూపుల్లో నా పుట్టినరోజు పదిహేడు అని తెలిసినప్పుడు ఒకటీ ఏడూ కలిపి చూసుకుని వీళ్ళ ముఖాలు మాడిపోయాయి. నెలరోజులు ఆలోచించి, పద్దెనిమిది అని చెప్పుకుందాం, అప్పుడు తొమ్మిది వస్తుంది, అని కబురు పంపారు. పుట్టింది నేను, తేదీ వాళ్ళది. మూడేళ్ళుగా పద్దెనిమిదినే కేకు కోస్తున్నాను. ఏ రోజు తింటే ఏం, తీపి తీపే కదా అని నవ్వుకున్నాను. ఆ నవ్వుకు ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

"అమ్మణ్ణీ, నువ్వు ఏడవొద్దు," అంది అత్తయ్య నా తల మీద చెయ్యి వేసి. "నీ తప్పు ఏమీ లేదు. శని నీ చేత చేయించినాడు."

ఆ మాటలోనే ఉంది అసలు విషం. జయమ్మ వేళ్ళు పోవడానికి కారణమైన చెయ్యి నాది.

గురువారం నాకు ఇంటి నుంచే పని. మధ్యాహ్నం మా ఆయన శశిధర్‌కు ఫోను వస్తే పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. ఆయన అక్కడ లేడు. తొమ్మిదో మగ్గం పళ్ళచక్రాలకు నూలు చుట్టుకుపోయి, జయమ్మ దాని కింద కూర్చుని ఉంది. మునిరాజు మగ్గం పిడి గట్టిగా పట్టుకుని ఆపి ఉంచాడు. నన్ను చూసి, మోతలో గొంతు చించుకుని అరిచాడు: "తొమ్మిది ఆఫ్ చెయ్యమ్మా!" గోడ మీద బోర్డు నా పక్కనే ఉంది. తొమ్మిది అని రాసి ఉన్న స్విచ్ ఆపి, అయిందని సైగ చేశాను. మునిరాజు పిడి వదిలాడు. జయమ్మ చెయ్యి లోపల పెట్టింది. మగ్గం తిరిగింది.

నేను ఆపింది పది అని రాసి ఉన్న మగ్గాన్ని. బోర్డు మీద ఒకటి నుంచి పన్నెండు దాకా వరసగా ఉన్నాయి, ఎనిమిదితో సహా. బోర్డు పెట్టిన ఎలక్ట్రీషియనుకు శని భయం లేదు కదా! మగ్గం మీద తొమ్మిది ఉంటే బోర్డు మీద ఎనిమిది నొక్కాలి. పాతవాళ్ళ చేతులకు ఆ లెక్క అలవాటు. నాకు ఎవరూ చెప్పలేదు. ఆ కంగారులో మునిరాజుకూ మగ్గం మీది అంకే నోటికి వచ్చింది.

ఇంటిల్లిపాదీ వచ్చి శని అన్నారు, ఎనిమిది అన్నారు, నీ తప్పు కాదన్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక రోజంతా ఆ మాట నాకు హాయిగానే ఉంది. ఎవరో దేవుడు నా వేలు పట్టుకుని నొక్కించాడంటే ఎంత సుఖం! నిన్న సాయంత్రం ఆసుపత్రిలో జయమ్మ కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, "నా గ్రహచారం అమ్మా, మీరు అన్నం తిన్నారా?" అని నన్నే అడిగేదాకా.

శశి మేడ మీద నుంచి దిగాడు. చేతిలో ఒక కాగితం, ఇంకు ప్యాడు.

"అదేంటి?" అన్నాను.

"జయమ్మ స్టేట్‌మెంట్. నడుస్తున్న మగ్గంలో తానే చెయ్యి పెట్టానని. ఇన్‌స్పెక్టర్ వచ్చేలోగా థంబ్ తీసుకుని వచ్చేస్తా."

"కుడిచేతికి కట్టు ఉంది శశీ."

"లెఫ్ట్ చాలు."

అంత మామూలుగా అన్నాడు, ఏదో కొరియర్ అందుకోవడానికి సంతకం పెట్టినట్టు. నేను మూడేళ్ళుగా ఒకే కంచంలో తిన్న మనిషి ఇతనేనా అనిపించింది.

"ఛీ," అన్నాను. "ఆ కాగితం మీద ముద్ర పడితే జయమ్మకు పైసా రాదు. పైగా తప్పు ఆమెదే అవుతుంది. నీకు తెలిసే చేస్తున్నావా?"

"కిరణ్, ప్లీజ్. నేను ఆమెను విడిగా చూసుకుంటా. బోర్డు టాపిక్ ఎత్తావంటే స్విచ్ ఎవరు ఆపారని అడుగుతారు. నీ పేరు వస్తుంది. పోలీస్, కేస్, నీ జాబ్... ఆలోచించు. నీ కోసమే కదా ఇదంతా!"

"నా కోసమైతే ఆ కాగితం చింపు. మావయ్య గారూ, ఇది శని కాదు, బోర్డు. మగ్గం అంకె ఒకటి, స్విచ్ అంకె ఒకటి. ఇప్పుడు తొమ్మిదిని కూడా తీసేస్తే లెక్కలో రెండు తేడా వస్తుంది. రేపు ఇంకెవరో పది అంటే పదో స్విచ్ ఆపుతారు. ఇంకొకరి చెయ్యి పోతుంది. ఎనిమిదిని ఎనిమిదిగా రాస్తే పోయేదానికి, ఎందుకండీ ఈ పాడు లెక్క?"

మావయ్య కాఫీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టారు. ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. చిన్నపిల్లకు పాఠం చెప్పేవాడిలా నవ్వారు.

"అమ్మణ్ణీ, శని లేదు గిని లేదు, అది నాకు తెలీదా? ఆ ఎనిమిదిని పుట్టిచ్చిందే నేను."

అత్తయ్య చెంబు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"సుంకమ్మ కూతురు పార్వతి ఆ మగ్గం మీద పోయినాది చూడు, ఇరవయ్యారేండ్ల కింద. పంతొమ్మిదేండ్ల పిల్ల. బెల్టులో చెంగు పడినాది. బెల్టు మీద ఇనుప రేకు ఉండాల. ఆ వారమే నేను పీకేసినాను. పెండ్లిండ్ల ఆర్డరు నెత్తిన ఉండాది, బెల్టు ఊరికే జారతా ఉండాది, జారినప్పుడంతా నాలుగు బోల్టులు ఎవరు విప్పేది? పిల్ల పోయినాక జనం గలాటాకు వచ్చినారు. రేకు యాడ అన్నారు. రేకు ఉన్నింది, అది పగిలిపోయింది, రేకు ఉన్నా కూడా లాక్కున్నాది అన్నాను. ఆ పొద్దు శనివారం. మగ్గం నంబరు ఎనిమిది. నోటికొచ్చింది అనేసినాను, ఇది శని పని అని."

"అంటే..." అన్నాను.

"అంటే ఏముండాది? నేను ఒకటి అంటే ఊరు పది కలిపింది. ఒకడు అష్టమ శని అన్నాడు. ఒకతె ఆ పిల్ల ఎనిమిదో నెలలో పుట్టింది అనింది. ఇంకొకడు మన ఇంటి ముందర మెట్లు ఎనిమిది అని లెక్కపెట్టి చెప్పినాడు. సోమవారానికి గలాటా లేదు, ఏమీ లేదు. ఎనిమిది చెరిపి తొమ్మిది రాసినాను, మగ్గాలు ఆడినాయి. షెడ్డు మూసుంటే పన్నెండు కొంపల్లో పొయ్యి వెలిగేది కాదు, తెలుసునా? జనానికి ఒక కారణం కావాల. ఇస్తే పోతారు. ఇప్పుడు తొమ్మిదిని ఇస్తాము."

ఆయన గొంతులో గర్వం! ఇరవై ఆరేళ్ళు ఎవరితోనూ చెప్పుకోలేక దాచిన తెలివిని ఈ రోజు కోడలి ముందు పరిచి చూపిస్తున్నాడు, దారంలో తేడా రాని చీర విప్పి చూపినట్టు. నా ఒంటి మీద ఏదో పాకినట్టయి రెండు చేతులూ చీరకు తుడుచుకున్నాను.

"మరి ఆ రేకు?" శశి అడిగాడు. అతనికీ ఇది తెలియదని అప్పుడు అర్థమైంది.

"ఇనుము పారేస్తామా? బోర్లేసి సుంకమ్మ దీపానికి పీట చేసినాను. లేకుంటే ప్రతి శనివారం నేలంతా నూనె."

పార్వతి తల్లి సుంకమ్మ అవ్వ ఇప్పుడు అత్తిబెలెలో చిన్నకొడుకు దగ్గర ఉంటుంది. ప్రతి శనివారం బస్సెక్కి వస్తుంది. కూతురు పోయిన మగ్గం పక్కన, గోడ వారగా, రెండు ఇటుకల మీద పెట్టిన ఒక నల్లటి రేకు మీద నువ్వుల నూనె దీపం వెలిగిస్తుంది. నా బిడ్డను తీసుకున్నావు, ఇంకెవరినీ ముట్టుకోవద్దు తండ్రీ అని మొక్కుతుంది. నేను ఎన్నోసార్లు అగ్గిపెట్టె అందించాను.

అత్తయ్య మెల్లగా అడిగింది. "నాకు కూడా చెప్పలేదే మీరు?"

మావయ్య ఖాళీ గ్లాసును కాలితో పక్కకు జరిపారు.

"ఇరవయ్యారేండ్లు శనివారం శనివారం పస్తు ఉన్నాను. పండ్లు లెక్కపెట్టుకున్నాను, గుడ్లు లెక్కపెట్టుకున్నాను. మా తమ్ముని పెండ్లికి ఎనిమిదో తేదీ అని పోలేదు. నాకు చెప్పకూడదా?"

"నీకు చెప్తే నువ్వు నమ్మినట్టు ఆడగలవా?" అన్నారాయన. "నువ్వు నిజంగా నమ్మితేనే కదా ఊరు నమ్మేది."

అత్తయ్య చెంబులో పసుపునీళ్ళు గుమ్మం బయటే ఒంపేసింది.

అప్పుడే షెడ్డులో సీసా పగిలిన చప్పుడైంది.

ఈ ఇంట్లో అందరూ పెద్దగా మాట్లాడతారు. మగ్గాల మోత మీద వినపడాలంటే అరవాలి, అరిచి అరిచి గొంతులు అలాగే స్థిరపడిపోయాయి. మగ్గాలు ఆగిన ఇంట్లో మాట ఎంత దూరం పోతుందో ఎవరికీ తెలియదు. గురువారం నుంచి అవి ఆగే ఉన్నాయి.

పరుగెత్తుకు వెళ్ళాను. నువ్వుల నూనె వాసన. సుంకమ్మ అవ్వ పెరటి గేటు వైపు నుంచి వచ్చి, తొమ్మిదో మగ్గం పక్కన నిలబడి ఉంది. గాజుపెంకులు కాళ్ళ చుట్టూ ఉన్నాయి. మునిరాజు కుంచె పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. కుంచెలోంచి నల్ల చుక్కలు అతని పాదం మీద పడుతున్నా చూసుకోవడం లేదు.

"అవ్వా, కదలకు, కాలికి గుచ్చుకుంటాయి," అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. నా వెనకే వచ్చిన మావయ్యను చూసింది. "రేకు ఉన్నిందా అప్పా? లేదా?" అంది.

"సుంకమ్మా, నీకు ఏమో వినపడింది. కూర్చో. కమలా, అవ్వకు కాఫీ తీసుకురా."

అత్తయ్య కదలలేదు.

"ఉన్నిందా, లేదా?"

వీధి గేటు చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు మోహన్‌కుమార్ అరగంట ముందే వచ్చేశాడు. వెనకాల పనివాళ్ళు ఐదారుగురు, ఏమవుతుందో చూద్దామని. శశి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మావయ్య ముఖం మీదికి మర్యాద వచ్చేసింది, స్విచ్ వేసినంత సులువుగా.

"రండి సార్, రండి. కాఫీనా, టీనా?"

ఇన్‌స్పెక్టరు ఏదీ వద్దన్నాడు. మగ్గాలను ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచాడు. "ఎన్ని?" అని కన్నడంలో అడిగాడు.

"పన్నెండు సార్."

"చివరిదాని మీద పదమూడు అని ఉందే?"

అతను వెనక్కి వచ్చి తొమ్మిదో మగ్గం దగ్గర ఆగాడు. మునిరాజు సగం చెరిపిన అంకె మీద వేలు పెట్టాడు. నల్లగా అంటింది. ఆ వేలును చూసుకుని, గోడ మీద బోర్డును చూసి, మళ్ళీ మగ్గాలను చూశాడు.

"ఎనిమిది ఎక్కడ?"

"నేను చూపిస్తా రా సామీ," అంది సుంకమ్మ అవ్వ.

గోడ వారగా కూర్చుని, పోయిన వారం ప్రమిదను తీసి నేల మీద పెట్టింది. వడిలిన పూలు తీసేసింది. జిడ్డుకు జారుతున్న రేకు అంచు రెండు చేతులా పట్టుకుని లేపబోయింది. చేతకాలేదు.

"అమ్మణ్ణీ, ఒక చెయ్యి పట్టు."

"కిరణ్, వద్దు," అన్నాడు శశి నా వెనక నుంచి. "ప్లీజ్."

వంగి పట్టుకున్నాను. ఇద్దరం కలిసి తిరగేశాము.

పైన ఇరవై ఆరేళ్ళ మసి. కింద శుభ్రంగా ఉంది. నూనె ఓడి ఓడి తుప్పు కూడా పట్టలేదు. నాలుగు మూలలా నాలుగు బోల్టు రంధ్రాలు. మధ్యలో ఎర్ర పెయింటుతో ఎనిమిది. వంకర లేదు, సొట్ట లేదు, ఒక్క గీత లేదు.

"పగిలిపోయింది అంటివే అన్నా?" అన్నాడు మునిరాజు. అతని గొంతు నేను అలా ఎప్పుడూ వినలేదు. "మేమందరం నమ్మితిమే!"

అవ్వ చెంగుతో ఆ అంకెను తుడిచింది. మళ్ళీ తుడిచింది. తరువాత రేకును మోకాళ్ళ మీదికి లాక్కుని, పట్టుకుని, అతి కష్టం మీద లేచి నిలబడింది.

"ఏమిటిది? ఎక్కడిది?" ఇన్‌స్పెక్టరు పుస్తకం తెరిచాడు.

ఇక దారి లేదనుకున్నాను. ఈ మనిషి ఇప్పుడైనా తల దించుతాడు అనుకున్నాను. పిచ్చిదాన్ని!

"సార్, అది పాత ఇనుము," అన్నారు మావయ్య తొణక్కుండా. "మీరు వచ్చింది గురువారం సంగతికి కదా. దాచేదానికి ఏముండాది? ఆ పొద్దు తప్పు స్విచ్ ముట్టుకునింది మా కోడలు. ఇదో, ఈ పిల్లే."

ఆయన చెయ్యి నా వైపు చాచి ఉంది. రెండు రోజులుగా నా కోసమే, నన్ను కాపాడడానికే అని వీళ్ళంతా చెప్పిన అబద్ధం ఎంత గట్టిదో ఆ చేతిని చూస్తే తెలిసింది. శశి వైపు చూశాను. అతను ఇంకు ప్యాడు మూత తెరుస్తూ మూస్తూ ఉన్నాడు.

"అవును," అన్నాను ఇన్‌స్పెక్టరుతో. "స్విచ్ ఆపింది నేనే. నా పేరు కిరణ్మయి. రాసుకోండి. ఆ బోర్డు, ఈ అంకెలు, ఆ రేకు, అన్నీ కలిపి రాసుకోండి. నేను సంతకం పెడతాను. జయమ్మ చేత ఎవరూ ఏమీ పెట్టించనక్కర్లేదు."

అతను తల ఊపి రాయడం మొదలుపెట్టాడు. నాకు రెండు రోజుల తరువాత మొదటిసారి ఊపిరి ఆడింది.

అప్పుడు మావయ్య షెడ్డు గుమ్మంలో నిలబడ్డ పనివాళ్ళ వైపు తిరిగారు. ఇన్‌స్పెక్టరుకు కాదు, వాళ్ళకే చెప్పారు. గొంతు కూడా పెంచలేదు.

"మీకు తెలీదు గదప్పా. ఈ పిల్ల పుట్టింది పద్దెనిమిదిన కాదు. పదిహేడున. ఒకటీ ఏడూ ఎంతో మీరే కూడుకోండి."

ఎవరో నోటి మీద చెయ్యి వేసుకున్నారు. "అబ్బా!" అని ఒక ఆడగొంతు. నా మీద ఉన్న కళ్ళన్నీ ఒక్కసారిగా మారిపోయాయి. మునిరాజు చూపు నేలకు దిగింది. ఈ శని మాటే అబద్ధమని, ఎనిమిదిని పుట్టించింది ఆయనేనని, అదే గోడ అవతల నుంచి ఇందాకే విన్నవాడు!

వీళ్ళు పోతే పోనీ అనుకున్నాను. సుంకమ్మ అవ్వ ఉంది. అంతా విన్నది. కూతురిని చంపింది ఏమిటో చేతులతో ఎత్తి పట్టుకుంది. ఆమె నా వైపు తిరిగింది. కళ్ళు నా ముఖమంతా వెతికాయి.

"పదిహేడా అమ్మణ్ణీ?" అంది.

"అవును అవ్వా."

రేకు ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. అయినా నా నీడ తన మీద పడకుండా ఒక అడుగు వెనక్కి వేసింది.